రెండు కామాల మధ్య

రాజోలులో రొయ్యల మేత కొట్టు మీద
మేడగది మా ఆఫీసు.
కిందినుంచి వచ్చే వాసన గురించి
కొత్తగా చేరినవాళ్లే మాట్లాడతారు.

లంకలో కట్టే బడికి నలభై రెండు తలుపులు.
వరదొస్తే ఊరంతా ఎక్కేది ఆ బడే.
ప్రతి తలుపుకీ నా షెడ్యూల్లో ఐదు గడులు:
వెడల్పు, ఎత్తు, చెక్క, ఏ చేతివైపు,
లోపలికా బయటికా.
వరసలన్నీ కాగితం మీద పట్టక
చివరిది అంచు దాటి
రెండో కాగితం మీద ఒంటరిగా పడింది.

కొమ్మోజు వీరబ్రహ్మం గారు
రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని
కళ్లజోడు నుదుటిమీదికి తోసి
"ఇదేంటమ్మా, తలుపుని ముక్కలు చేసి పంపారు?
మేం ఒక్క గుక్కలో చెప్పుకుంటామండీ,
మూడున్నర ఏడు వేప ఎడం లోపలికి"
అన్నారు. నిజంగానే ఒక్క గుక్క.

ఆ రాత్రి కరెంటు రెండుసార్లు పోయి వచ్చాక
కలపడం నేర్చుకున్నాను.
ఒక పెట్టె తెరుచుకుంటుంది.
ఎడమపక్క విడివిడి పేర్లు, కుడిపక్క కలవబోయేవి.
వెడల్పుకీ ఎత్తుకీ నడుమ గుణకారం గుర్తు,
ఎత్తు వెనకాల అడుగుల గుర్తు,
మిగతావాటి మధ్య కామా,
కామా తర్వాత ఒక ఖాళీ.
ఆ ఖాళీ మరిచిపోతే మాటలన్నీ
అమలాపురం బస్సులో జనంలా అతుక్కుపోతాయి.
ఓకే నొక్కాను.
నలభై రెండు తలుపులు నలభై రెండు వాక్యాలయ్యాయి.

"గోదారి చీలిపోయే చోట కూచుని
నువ్వు కలుపుతున్నావా!" అని
మా ఇంజినీరు పెనుమత్స రామభద్రరాజు గారు నవ్వారు.
పెద్ద జోకేం కాదు.
మర్నాడు కాంట్రాక్టరుకి కూడా చెప్పారు.

పదిహేడో తలుపు దగ్గర ఆగిపోయాను.
మూడున్నర × ఏడు, , కుడి,
అంతే.
చెక్క లేదు. దిక్కు లేదు.
విడిగా ఉన్నన్నాళ్లూ ఖాళీ గడి
మర్యాదగా ఖాళీగా ఉండి కంటికి ఆనలేదు.
ఇప్పుడు పన్నూడిన చోటికి నాలుక పోయినట్టు
కన్ను పదేపదే అక్కడికే.

అందులోనే రాసేద్దామని నొక్కాను. మళ్లీ నొక్కాను.
బూడిదరంగు గడి, ఉలకదు.
కలిశాక దిద్దనివ్వదు అది.
ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో
అక్కడికే వెళ్లి దిద్దుకోవాలి.
వెళ్లాను. పదిహేడంటే
మెట్లన్నీ ఎక్కాక డాబా మీదికి తెరుచుకునేది.

ఫోన్‌లో వీరబ్రహ్మం గారు:
"అది బయటికే ఉండాలమ్మా.
ఎనభై ఆరులో మా మేనత్త వాళ్ల ఊళ్లో
మెట్ల మీద జనం, జనం మీద జనం,
తలుపేమో లోపలికి.
లాగాలంటే వెనక్కి జరగాలి కదండీ.
ఎక్కడికి జరుగుతారు?"
ఆ తర్వాత కాసేపు రంపం చప్పుడే వినిపించింది,
ఎవరో కుర్రాడు కోస్తున్నట్టున్నాడు.
"చెక్కంటారా, వేపే వేద్దాం.
టేకుకి మీ దగ్గర డబ్బుల్లేవుగా.
ఆయ్, ఉంటానండి."

మూలంలో రెండు మాటలు రాసి వచ్చేసరికి
వాక్యం తనంతట తనే నిండి ఉంది.

పదిహేను రోజుల తర్వాత పంటు దాటి లంకకెళ్లాను.
ద్వారబంధాలు గోడకి చేర్లబడి ఉన్నాయి,
ఒక్కోదాని మీదా వడ్రంగి పెన్సిలుతో
నా వాక్యం, కామాలతో సహా.
పదిహేడో దాని చివర మాత్రం
ఆయన సొంతంగా ఇంకో ముక్క చేర్చారు:
గడియ కిందకి, పిల్లలకి అందాలి.

దానికి నా దగ్గర గడి లేదు.
ఫోటో తీసుకుంటుంటే
పంటు కదులుతోందని రేవులోంచి
ఎవరో కేకేస్తున్నారు.